సరిహద్దు పల్లెలకు ఆరోగ్య రక్షణ: కార్డు ఏ రాష్ట్రానిది, చికిత్స ఎక్కడ?

సరిహద్దు గ్రామంలో మనిషి జబ్బుపడితే ఇంటివారు మొదట ఆలోచించేది దగ్గరి ఆసుపత్రి ఏదని. పావగడ ప్రాంతం వారికి హిందూపురం దగ్గర. పర్లాకిమిడి వారికి పాతపట్నం పక్క ఊరే. సిరొంచ వారు ప్రాణహిత దాటితే తెలంగాణ. యానాం వారికి పుదుచ్చేరి ఎంతో దూరం, కాకినాడ చేరువ. కానీ ఆసుపత్రి గడప ఎక్కిన తరువాత అక్కడి ఉద్యోగి అడిగే ప్రశ్న వేరు: కార్డు ఏ రాష్ట్రానిది? ఈ ప్రశ్నకు ముందుగా జవాబు సిద్ధం చేసుకొనని కుటుంబం, అర్హత ఉండి కూడా, అప్పు చేసి వైద్యం చేయించుకోవలసిన స్థితికి వస్తుంది.

1936లో ఒడిశా, 1953లో ఆంధ్ర, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు గీసిన గీతలు మాటను గాని, బంధుత్వాలను గాని విడదీయలేదు. ఆరోగ్య పథకాల లెక్కలో మాత్రం ఆ గీత గట్టిదే. ఇంట మాట్లాడే భాష, ఇంటిపేరు, పుట్టినిల్లు వీటిలో ఏదీ అర్హతను నిర్ణయించదు. కుటుంబం నివాసం ఏ రాష్ట్రంలో ఉన్నది, రేషను కార్డు ఏ రాష్ట్రం ఇచ్చినది అన్నదే ప్రధానం.

ఆరోగ్యశ్రీ అందరిదీ కాదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలైంది. మూడూ వెనుకబడిన జిల్లాలే, మూడింటికీ పొరుగు రాష్ట్రపు ఎల్లలున్నాయి. అందువల్ల ఆ పేరు ఆనాటి నుండే ఎల్లకు అవతలి తెలుగు పల్లెలలో కూడా ఇంటింటి మాట అయింది. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత తెలంగాణలో ఆరోగ్యశ్రీగానే కొనసాగుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో పేరు పలుమార్లు మారి, 2024 నుండి ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్నది. ఇవి రెండూ ఆయా రాష్ట్రాల నివాసులకే వర్తిస్తాయి. బళ్ళారి, కృష్ణగిరి, రాయగడ, గడ్చిరోలి జిల్లాల తెలుగు కుటుంబాలు వీటికి దరఖాస్తు చేసుకొనే వీలు లేదు. అలాగని ఆ కుటుంబాలకు రక్షణ లేదని కాదు. వారి రాష్ట్రంలో వారికి ఒక పథకం ఉన్నది. దాని పేరు తెలియకపోవడమే చాలాచోట్ల అసలు లోటు.

ఏ రాష్ట్రంలో ఏమున్నది

అన్నిటికీ ఆధారంగా ఉన్నది 2018 సెప్టెంబర్ 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఇది వర్తిస్తుంది. కుటుంబంలో ఎందరున్నా, ఎంత వయసువారైనా, జబ్బు ముందునుండి ఉన్నదైనా అడ్డు లేదు. రాష్ట్రాలు దీనిని తమ సొంత పథకాలతో కలిపి నడుపుతున్నాయి.

కర్ణాటకలో ఇది ఆరోగ్య కర్ణాటకతో కలిసి 2018 అక్టోబరు నుండి అమలవుతున్నది. బి.పి.ఎల్. కార్డు కుటుంబాలకు 5 లక్షల వరకు ఉచితం. ఎ.పి.ఎల్. కుటుంబాలకు నిర్ణీత ప్యాకేజీ ధరలో 30 శాతాన్ని, ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు, ప్రభుత్వం భరిస్తుంది. ఇక్కడ ముఖ్యమైన నియమం ఒకటి ఉన్నది. అత్యవసరం కాని జబ్బుకు ముందుగా ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్ళాలి. అక్కడ ఆ చికిత్స లేకపోతే వారు రాసిచ్చే రెఫరల్ పత్రంతోనే ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ పత్రం లేకుండా నేరుగా ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే కార్డు ఉన్నా ఖర్చు ఇంటిదే అవుతుంది.

తమిళనాడులో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఉన్నది. కుటుంబ వార్షికాదాయం 1,20,000 రూపాయలకు మించకూడదు. రెవెన్యూ అధికారుల నుండి ఆదాయ ధ్రువపత్రం పొంది, కుటుంబ కార్డు, ఆధార్‌లతో జిల్లా కలెక్టరు కార్యాలయంలోని నమోదు కేంద్రానికి వెళ్ళాలి. ఈ పథకపు ఉచిత ఫోను సంఖ్య 1800 425 3993.

ఒడిశా 2018లో తన సొంత బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజనను ఆరంభించింది, జాతీయ పథకంలో చేరలేదు. 2025 ఏప్రిల్‌లో జాతీయ పథకంతో పాటు గోపబంధు జన ఆరోగ్య యోజన అక్కడ మొదలైంది. కుటుంబానికి 5 లక్షలు, స్త్రీలకు మరో 5 లక్షలు అదనం. బరంపురం, జయపురం, పర్లాకిమిడి వైపు ఇండ్లలో ఇంకా పాత కార్డునే దాచుకొని ఉన్నవారు కొత్త కార్డు సంగతి తప్పక విచారించాలి.

మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన ఉన్నది. 2012లో తొలి విడతగా చేపట్టిన ఎనిమిది జిల్లాలలో తెలుగువారు ఎక్కువగా ఉన్న సోలాపూర్, నాందేడ్, గడ్చిరోలి ఉన్నాయి. తొలుత పసుపు, కేసరి రంగు కార్డులవారికే ఉన్న ఈ రక్షణ 2024 నుండి తెల్లకార్డు కుటుంబాలకు కూడా విస్తరించింది, పరిమితి 5 లక్షలకు పెరిగింది.

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా యానాం కుటుంబాలు తమ పేరును పుదుచ్చేరి జాబితాలోనే వెదకాలి. ఫోనులో వెదికేటప్పుడు రాష్ట్రం వద్ద ఆంధ్రప్రదేశ్ అని ఎంచుకొంటే పేరు కనిపించదు. పేరు లేదని నిరాశపడేముందు ఈ పొరపాటు జరిగిందేమో చూసుకోవాలి.

పేరున్నదో లేదో చూసుకొనే విధం

ఇందుకు మూడు దారులున్నాయి. మొదటిది 14555 ఉచిత ఫోను. రెండవది ఆయుష్మాన్ యాప్ లేదా జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ వారి లబ్ధిదారుల వెబ్‌సైటు. అందులో రాష్ట్రం, పథకం, జిల్లా ఎంచుకొని ఆధార్ సంఖ్యతోనో, కుటుంబ సంఖ్యతోనో వెదకవచ్చు. మూడవది, చదువు రానివారికి అన్నిటికంటే తేలికైనది, పథకంలో ఉన్న ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్ర బల్ల వద్దకు గాని, ఊరి సేవాకేంద్రానికి గాని ఆధార్, రేషను కార్డు తీసుకొని వెళ్ళడం. కర్ణాటకలో గ్రామ ఒన్, తమిళనాడులో ఇ-సేవై, ఒడిశాలో మో సేవా కేంద్రం, మహారాష్ట్రలో ఆపలే సర్కార్ కేంద్రం అన్న పేర్లతో ఇలాంటివి పనిచేస్తున్నాయి.

పేరు కనిపించిన తరువాత ఆధార్‌తో ధ్రువీకరణ జరగాలి. ఆధార్‌కు కలిపిన ఫోనుకు వచ్చే సంఖ్యతో గాని, వేలిముద్రతో గాని ఇది పూర్తవుతుంది. పొలం పనివారికి వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించకపోవచ్చు. అప్పుడు కనుపాపతోనో, ముఖం చూపించియో ప్రయత్నించవచ్చు. కుటుంబంలో ప్రతి ఒక్కరికీ విడిగా కార్డు ఉండాలి. ఇంటిపెద్ద కార్డు ఉంటే చాలునని ఊరుకోరాదు.

70 ఏళ్ళు నిండినవారికి 2024 అక్టోబరు 29న జాతీయ పథకంలో వయ వందన కార్డు ప్రవేశపెట్టారు. దీనికి ఆదాయంతో పని లేదు, ఆధార్‌లోని వయసే ఆధారం. తమ రాష్ట్రంలో దాని అమలు సంగతిని 14555లో అడిగి తెలుసుకోవచ్చు.

పేరు పలు లిపులలో

సరిహద్దు తెలుగువారికి తక్కినవారికి లేని చిక్కు ఒకటున్నది, అది పేరు. తమిళనాడులో తండ్రి పేరు తొలి అక్షరం ముందుంటుంది, ఇంటిపేరు రాయరు. ఆంధ్రలో చదివిన పిల్లవాడికి బడి పత్రాలలో ఇంటిపేరు ముందుంటుంది. మహారాష్ట్రలో తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఒకే మనిషి రేషను కార్డులో ఒక తీరుగా, ఆధార్‌లో మరొక తీరుగా ఉంటాడు. లిపి మారినప్పుడు దీర్ఘాలు, ఒత్తులు కూడా మారుతాయి. కొద్ది తేడా ఉంటే అధికారులు పరిశీలించి అంగీకరించవచ్చు. పేరు గాని పుట్టిన సంవత్సరం గాని బాగా తేడాగా ఉంటే దరఖాస్తు నిలిచిపోతుంది. రోగి మంచం మీద ఉన్నప్పుడు ఈ దిద్దుబాటు సాధ్యపడదు. కనుక ఇంట అందరూ ఆరోగ్యంగా ఉన్న రోజుననే రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకొని, తప్పున్నదానిని సరిచేయించుకోవాలి.

ఎల్ల దాటి వచ్చిన కోడలు

ఈ పల్లెలలో పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఎల్లలు చూసి జరగదు. మదనపల్లె వైపు నుండి చింతామణికో, ఇచ్ఛాపురం నుండి బరంపురానికో కోడలు వస్తుంది. ఆమె పేరు పుట్టింటి రేషను కార్డులోనే ఉండిపోతే అత్తింటి రాష్ట్రపు పథకంలో ఆమె లేనట్లే. రెండుచోట్లా ఉంచుకోవడం నియమవిరుద్ధం, ఆధార్ అనుసంధానం తరువాత అది బయటపడుతుంది. సరైన పద్ధతి ఒకటే. పుట్టింటి కార్డులో పేరు తీయించి, తొలగింపు పత్రం తెచ్చి, ఆధార్‌లో చిరునామా మార్పించి, అత్తింటి కార్డులో చేర్పించాలి. ఆ పిమ్మట ఆరోగ్య కార్డులోనూ కుటుంబసభ్యురాలిగా చేర్పించాలి. పేరు ఒకచోట తీసి మరొకచోట చేరేలోగా ఆమె ఎక్కడా లేకుండా పోతుంది గనుక ఈ రెండు పనుల నడుమ ఆలస్యం కూడదు.

తొలికాన్పుకు పుట్టింటికి వెళ్ళే ఆచారం ఉన్నందున ఇక్కడ భయం ఎక్కువ. అయితే కాన్పు విషయంలో ఒక ఊరట ఉన్నది. 2011 జూన్ 1న ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, శస్త్రచికిత్సతో సహా, ప్రతి గర్భిణికీ ఉచితం. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, బిడ్డకు చికిత్స దీనిలో చేరి ఉన్నాయి. దీనికి ఆరోగ్య కార్డు ఏ రాష్ట్రానిదన్న అడ్డు ఉండదు.

ఎల్ల దాటి చికిత్స

జాతీయ పథకపు కార్డు ఉన్నవారు మరొక రాష్ట్రంలో, ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు కూడా ఈ పథకంలో ఉన్నాయి. అయితే రాష్ట్రం తన సొంత నిధులతో చేర్చుకొన్న కుటుంబాల విషయంలో నియమాలు వేరుగా ఉండవచ్చు. అందువల్ల బయలుదేరే ముందు 14555కు ఫోను చేసి మూడు సంగతులు అడగాలి. ఈ కార్డు పక్క రాష్ట్రంలో చెల్లుతుందా? ఫలానా ఆసుపత్రి పథకంలో ఉన్నదా? ఉంటే ఈ జబ్బుకు ఉన్నదా? ఒక ఆసుపత్రి కంటి చికిత్సకు పథకంలో ఉండి గుండె చికిత్సకు లేకపోవచ్చు. గుమ్మం మీది బోర్డు చూసి అన్నిటికీ వర్తిస్తుందని అనుకోరాదు.

ఆసుపత్రిలో మొదట కలవవలసింది ఆరోగ్య మిత్రను. అనుమతి వచ్చిన చికిత్సకు రోగి డబ్బు కట్టనక్కరలేదు. చేరడానికి ముందు 3 రోజుల, ఇంటికి పంపిన తరువాత 15 రోజుల పరీక్షలు, మందులు కూడా జాతీయ పథకపు ప్యాకేజీలో భాగమే. చేరకుండా బయట చూపించుకొని రాయించుకొనే మందులు మాత్రం ఇందులోకి రావు. అనుమతి వచ్చాక కూడా డబ్బు అడిగితే రసీదు కోరి, అదే ఫోను సంఖ్యకు ఫిర్యాదు చేయవచ్చు.

ప్రాణాపాయ స్థితిలో మాత్రం కార్డు కోసం, రాష్ట్రం కోసం ఆగరాదు. 108కి ఫోను చేసి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడమే ముందు పని. కాగితాలు వెనుక తేవచ్చు.

విత్తనాలు, ఎరువులు వానకు ముందే సమకూర్చుకొనే రైతు కుటుంబాలకు ముందుచూపు కొత్త కాదు. తీరిక ఉన్న ఒక రోజున ఇంటిల్లిపాది ఆధార్, రేషను కార్డులు ఒకచోట పెట్టి, పేర్లు పోల్చి, అందరి పేర్లూ పథకంలో ఉన్నాయో లేదో చూసుకొంటే ఆ ఒక్కరోజు శ్రమ ఆపదవేళ పొలం తాకట్టు పడకుండా కాపాడుతుంది.