బంపర్ టు బంపర్ తీసుకోవాల్నా, వద్దా?

కారు ఇన్సూరెన్సు తారీఖు దగ్గరపడంగనే ఏజెంటు ఫోన్ మీద ఫోన్ చేస్తడు. "అన్నా, ఇంకో అయిదారు వేలు పెడితే బంపర్ టు బంపర్ వస్తది, ఇంజనుకు గుడ వస్తది" అంటడు. మా దిక్కు పోరగాండ్లు అయితే "ఏం వద్దు" అంటరు, లేకుంటే "అన్నీ ఏసెయ్" అంటరు. రెండూ లెక్క చూడకుండ చెప్పే జవాబులే.

ముందుగాల ఒకటి పక్కకు పెట్టాలె. థర్డ్ పార్టీ కాడ బేరం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అది లేకుంట బండి రోడ్డెక్కొద్దు. దొరికితే మొదటిసారి 2,000, మల్లోసారి 4,000 జుర్మానా, జైలుకు గుడ పంపొచ్చు. దాని రేటు కేంద్రం పెడ్తది, కంపెనీ కాదు. 2022 జూన్‌ల పెట్టిన రేటు వెయ్యి సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు. ఈడ పైసలు మిగిలించుకుందామని చూడొద్దు. మన బండి కింద ఎవరన్న పడితే కోర్టు ఏసే పరిహారం ఎకరం అమ్మినా తీరదు.

ఆలోచించాల్సింది మన బండికి తగిలే దెబ్బ గురించి. ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నా కంపెనీ బిల్లు మొత్తం కట్టది. ప్లాస్టిక్, రబ్బరు సామానుకు సగమే ఇస్తది. ఇనుప సామానుకు బండి వయసును బట్టి కోస్తది: రెండు, మూడేండ్ల నడుమ బండికి 15 శాతం, అయిదేండ్లు దాటితే 40 శాతం. గీ కోత లేకుంట చేసేదే జీరో డిప్రిసియేషన్, మనోళ్లు బంపర్ టు బంపర్ అనేది.

లెక్క చూద్దాం. రెండున్నరేండ్ల చిన్న కారు. బంపరు పదివేలు, డోరు పదివేలు బిల్లయింది అనుకోండి. బంపరు మీద 5,000, డోరు మీద 1,500, ప్రతి క్లెయిముకు మనమే కట్టాల్సిన వెయ్యి కలిపి 7,500 మన జేబుల నుంచే పోతది. జీరో డిప్ ఉంటే ఆ వెయ్యితోని అయిపోతది. అంటే లాభం 6,500. దానికి ఏడాదికి నాలుగు వేలు ఎక్కువ అడిగితే, ఏడాదిన్నరకొకసారన్న గసొంటి దెబ్బ తగిలితేనే గిట్టుబాటు. మీద నుంచి, క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతది. కొత్త బండి, ఫైనాన్సు కిస్తీలు నడుస్తున్నయ్, డ్రైవింగు ఇంకా చేతికి రాలే అంటే తీసుకోండి. ఏడెనిమిదేండ్ల బండికి నేనైతే వద్దంట.

ఇంజన్ ప్రొటెక్ట్ ముచ్చట వేరే. 2024 సెప్టెంబరుల మున్నేరు పొంగినప్పుడు ఖమ్మంల ఎన్ని బండ్లు మునిగినయో చూసినం. వరద నష్టం ఫుల్ ఇన్సూరెన్సులనే వస్తది. తిరకాసు ఏందంటే, నీళ్లల్ల ఉన్న బండిని స్టార్ట్ చేస్తే గాలి పోయే కాడికి నీళ్లు పోయి లోపటి రాడ్లు వంగుతయ్. గప్పుడు "ఇది వరద చేసింది కాదు, నువ్వు చేసుకున్నది" అంటది కంపెనీ. మీ ఊరి తొవ్వల లోలెవల్ వంతెన ఉంటే, వాన పడ్డప్పుడల్ల వాగు దాటాల్సొస్తే ఇది తీసుకోవాలె. తీసుకున్నా సరే, మునిగిన బండికి తాళం తిప్పొద్దు, గుంజుకపోయే బండిని పిలవాలె. తాళంచెవి పోతే పైసలు, పోయిన సామానుకు పైసలు అనే చిన్నచిన్న కవర్లు నా లెక్కల దండుగ.

అసలు భయం ఇంకోటున్నది. తెల్ల నంబరు ప్లేటు బండిని కిరాయికి తిప్పుడు. నౌకరీలు లేక కారు కొని పెండ్లిండ్లకు, వేములవాడకు, ఎయిర్‌పోర్టుకు తోలే తమ్ముండ్లు ప్రతి మండలంల ఉన్నరు. సొంత వాడకం బండి పాలసీ కాయితంల కిరాయికి నడపొద్దని రాసి ఉంటది. యాక్సిడెంట్ అయితే సర్వేయరు వచ్చి కూసున్నోళ్లను "పైసలిచ్చిన్రా" అని అడుగుతడు. ఇచ్చినం అన్నరా, బండికి రావాల్సిన క్లెయిమ్ పోయినట్టే. జీరో డిప్ ఉన్నా, ఇంజన్ ప్రొటెక్ట్ ఉన్నా అంతే. కొన్ని కేసులల్ల కోర్టు బాధితులకు కంపెనీతోని కట్టించి, ఆ పైసలు ఓనరు కాడ వసూలు చేసుకోమంటది. కిరాయికి తోలాల్సొస్తే ఆరువేలు యాడ్-ఆన్‌ల మీద కాదు, పసుపు ప్లేటు మీద, దానికి తగ్గ పాలసీ మీద పెట్టండి.

సెకండ్ హ్యాండు కొన్నోళ్లకు ఇంకొక్కటి. ఆర్సీ పేరు మారితే థర్డ్ పార్టీ దానంతటదే మీకొస్తది గని, బండి నష్టానికిచ్చే కవరు రాదు. 14 రోజులల్ల కంపెనీకి రాసిచ్చి పాలసీల గుడ పేరు మార్పిచ్చుకోవాలె.