గీతలో దొరకు దోషము

గణకయంత్రము వేసిన లెక్కలను పెన్నుతో పటముగా గీయునది ప్లాటరు. 1959లో అమెరికాలోని కాల్‌కాంప్ సంస్థ వెలువరించిన ‘565’ వీటిలో తొలితరమునకు చెందినది. ఒక్కొక్క విద్యుత్ స్పందమునకు పెన్నుగాని, కాగితమును నడుపు డ్రమ్ముగాని అంగుళములో నూరవ వంతు కదలును. సెకనుకు 300 అడుగులు!

అడుగు తప్పిన సంగతి మాత్రము యంత్రమునకు తెలియదు. తన పెన్ను ఎక్కడ నున్నదో చూచుకొను ఏర్పాటు దానికి లేదు. తప్పు గీత కూడ ఒప్పు గీతవలెనే నున్నగా నుండును. చిక్కంతయు ఇక్కడనే.

కనుక ఇట్టి పాత యంత్రము బాగుచేతకు వచ్చినచో మరలు విప్పుటకు ముందు ఒక చతురస్రమును గీయించవలెను. చివరి గీత బయలుదేరిన చుక్కను కలియకున్నచో అడుగులు తప్పినవన్నమాట. ఎడము కాగితము నడచు దిక్కున ఉన్నచో డ్రమ్మును, అడ్డముగా ఉన్నచో పెన్నుబండిని శంకించవలెను.

పిమ్మట కరెంటు తీసి, బండిని చేతితో మెల్లగా జరుపవలెను. ఒకచోట బిగువుగా తగిలినచో కడ్డీపై పాత నూనె జిగురుకట్టి యుండును. స్పిరిటుతో తుడిచిన చాలును. అంతటను తేలికగా జరిగినచో విద్యుత్ భాగమును చూడవలెను. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఏండ్లు గడచిన కొలది ఎండిపోవును. వోల్టేజి కుంగి మోటారు బలము తగ్గును. కరెంటు తీసిన పిదప కూడ వాటిలో విద్యుత్తు నిలిచియుండవచ్చును గనుక, దానిని రెసిస్టరు ద్వారా వెడలించిన తరువాతనే చేయి పెట్టవలెను.

మరమ్మతు ముగిసినదని చెప్పుటకు మరల అదే చతురస్రమును గీయించవలెను.