ధర్మగ్రంథములు – గ్రంథస్వామ్యము

పూర్వకాలమునఁ దాళపత్రగ్రంథమును వ్రాసికొనువాఁడు మూలముతోఁ గూడ వ్యాఖ్యానమును సైతము వ్రాసికొనెడివాఁడు. అందుల కొరుల యనుమతి యక్కఱలేదు. నేఁడు అంతర్జాలమున గ్రంథములఁ బ్రకటించువారును పలువురు ఆ మార్గమునే యనుసరించుచున్నారు. కాని శాసనము మూలమును వ్యాఖ్యను వేఱువేఱుగఁ జూచును. ఈ భేదము నెఱుఁగుటకు 2023 సెప్టెంబరు నెలలో ఢిల్లీ యున్నతన్యాయస్థాన మొసఁగిన యుత్తరువు మిక్కిలి యుపకరించును.

ఆ వ్యవహారమున వాది భక్తివేదాంత బుక్ ట్రస్టు. ఇస్కాన్ అను కృష్ణచైతన్యసంఘమును స్థాపించిన ఏ. సి. భక్తివేదాంతస్వామివారు 1972లో దీనిని నెలకొల్పిరి. 'భగవద్గీత యథాతథము' మున్నగు వారి రచనలను గొందఱు అనుమతి లేక అంతర్జాలమునఁ బ్రకటించుచున్నారని వాది యభియోగము. ఇచట నొక సందేహము పొడమును. గీత వ్యాసభారతాంతర్గతము, దానికి నేఁడు స్వామి యెవఁడు?

న్యాయమూర్తి ప్రతిభా ఎం. సింగ్ గారు ఈ సందేహమునకు రెండు భాగములుగ సమాధానము చెప్పిరి. భగవద్గీతయందుఁ గాని యితరాధ్యాత్మికగ్రంథములయందుఁ గాని యెవ్వరికిని స్వామ్యము లేదు. అయినను దదర్థవివరణము, సంగ్రహము, వ్యాఖ్యానము, నాటకీకరణము మొదలగునవి తత్తత్కర్తల కృతులగుటచే రక్షణార్హములు. రామానందసాగర్ రామాయణమును, బి. ఆర్. చోప్రా మహాభారతమును దృష్టాంతములుగఁ జూపి, ఆ ప్రకటనలను దొలఁగింపవలసినదని మధ్యంతరాజ్ఞ యొసఁగిరి.

ఈ రక్షణము శాశ్వతము గాదు. 1957 నాఁటి శాసనమునకుఁ బిమ్మటఁ గలిగిన సవరణలను బట్టి, కర్త మరణించిన సంవత్సరము గడచిన వెనుక 60 సంవత్సరములు స్వామ్యము నిలుచును. భక్తివేదాంతస్వామివారు 1977లో సిద్ధిపొందిరి. కావున వారి జీవితకాలమునఁ బ్రకటితములైన రచనలకు 2037 తుదివఱకు రక్షణ కలదు. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1929లో దివంగతులైరి; వారి ఆముక్తమాల్యదావ్యాఖ్య నేఁడు సర్వజనసామాన్యము.

మూలవ్యాఖ్యల నడుమ మూఁడవ దొకటి కలదు. అది పాఠపరిష్కరణము. దీనినిగూర్చి ఇజ్రాయెల్ దేశమున నొక ప్రసిద్ధవివాదము జరిగెను. మృతసముద్రతీరగుహలలోని యూదధర్మలేఖ యొకటి ఆఱు ప్రతుల శకలములుగ మాత్రమే మిగిలియుండెను. ఎలిషా కిమ్రోన్ అను పండితుఁడు ఆ తునుకలను గూర్చి లుప్తభాగములను బూరించెను. 1991లో హెర్షెల్ షాంక్స్ ఆ పాఠమును పరిష్కర్త పేరు చెప్పకయే యమెరికాయందుఁ బ్రకటించెను. జెరూసలేము న్యాయస్థానము 1993లో లక్ష షెకెళ్లు చెల్లింపుమని తీర్పు చెప్పఁగా, 2000లో నా దేశపు సర్వోన్నతన్యాయస్థానము కిమ్రోను హక్కును స్థిరపఱచెను.

ఈ తీర్పు పండితులకుఁ జిక్కు దెచ్చినది. పరిష్కర్త తాను నిలిపినది ప్రాచీనకర్తృవాక్యమే యనును. అది నిజమైనచోఁ దనకు స్వామ్యమెక్కడిది? తనదే యైనచో నది ప్రాచీనపాఠ మెట్లగును? మన సర్వోన్నతన్యాయస్థానము 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ వ్యవహారమున, కేవలశ్రమ చాలదనియు, నైపుణ్యముతోఁ గూడిన స్వల్పమైన సృజన యైన నుండవలెననియు నిర్ణయించెను. కావున లేఖకదోషములను దిద్దినంతమాత్రమున మూలము పరిష్కర్తసొత్తు గానేరదని నాకుఁ దోఁచెడిని. ఊహించి చేసిన పూరణమున కట్టి హక్కు చెప్పుకొనుట కవకాశము కలదు. అట్టి పూరణమును గుండలీకరణచిహ్నములతో వేఱుపఱచి చూపుట పరిష్కర్తధర్మము.

పోతన భాగవతమును అంతర్జాలమున నుంచువారు పద్యములను, టీకాతాత్పర్యములను, పీఠికను వేఱువేఱుగ నుంచి, వ్యాఖ్యాత మరణసంవత్సరమును, ఆధారమైన ముద్రణమును దెలుపుట మేలు. లేనిచో నొక్క తాత్పర్యము నిమిత్తమై గ్రంథమంతయుఁ దొలఁగింపఁబడి, అందఱిదియైన పద్యమును జదువరికి దూరమగును. విజ్ఞులు విచారింతురుగాక.