సూట్‌కేసు కాటాతో చక్రాలు తూచాం

మా అమ్మాయి మొదటి ఉద్యోగం జీతంతో కొనుక్కున్న కారు ఎర్రగా, వెనకాల పెద్ద రెక్కతో, ఆగి ఉన్నా టికెట్ ఇస్తారేమో అన్నట్టు ఉంటుంది. 2018 హోండా సివిక్ టైప్ ఆర్. 306 హార్స్‌పవర్, గేర్లు చేత్తో వేసుకోవాల్సిందే. "ఆడపిల్లకి ఇదెందుకు?" అని మా వారు ఒక వారం సణిగారు. నేను సణగలేదు. గేర్ల బండి నడపడం నాకు పెళ్లికి ముందే విజయవాడలో మా నాన్నగారి మారుతి 800 మీద వచ్చు. పైగా దీని డిక్కీలో రెండు సోనామసూరి బస్తాలు, వారం కూరగాయలు హాయిగా పడతాయి. అప్పుడప్పుడు ఇండియన్ స్టోరుకి నేనే తీసుకెళ్తుంటాను.

మేముండేది మిషిగన్‌లో. ఇక్కడి చలికాలం సంగతి తెలిసినవాళ్లకి రోడ్డు మీద గోతుల సంగతీ తెలుసు. ఫిబ్రవరి చివర్లో ఒక రాత్రి ఐ-275 మీద ఇంటికొస్తూ మా అమ్మాయి ఒక గొయ్యి చూడలేదు. ముందు చక్రం, వెంటనే వెనక చక్రం, రెండుసార్లు ఫట్‌మని శబ్దం. పొద్దున చూస్తే ఒక రిమ్ము వంగింది, రెండోది పగిలింది, ఒక టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె. ఆ బుడిపె వచ్చిన టైరు ఇక పనికిరాదు. లోపలి దారాలు తెగిపోతేనే అలా ఉబ్బుతుంది, ఎప్పుడైనా పేలొచ్చు. వంగిన రిమ్ము సరిచేయించుకోవచ్చు కానీ, పగిలినదాన్ని వెల్డింగ్ చేయించి వాడటం మాత్రం వద్దు.

"అమ్మా, మళ్లీ అవే కొనను. ఈసారి తేలికవి, చిన్నవి వేయిస్తా" అంది. ఉన్న చక్రాలు మార్చి చిన్నవి వేయడమేమిటో నాకు అర్థం కాలేదు. అప్పటిదాకా పెద్ద చక్రమంటే గొప్ప చక్రం అనుకునేదాన్ని.

టైరు మీద రాసి ఉండే అంకెలు మీరెప్పుడైనా చదివారా? మా కారుకి కంపెనీ ఇచ్చినది 245/30 ఆర్ 20. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో ఎంత శాతం ఎత్తు పక్క భాగానికి ఉందన్నది. చివరిది రిమ్ము అంగుళాలు. 245లో 30 శాతమంటే 73.5 మిల్లీమీటర్లు. గొయ్యిలో పడ్డప్పుడు రోడ్డుకీ రిమ్ముకీ మధ్య ఉండే రబ్బరు, గాలి కలిపి మూడంగుళాలు కూడా లేవన్నమాట. మిషిగన్ గోతులకి అదేం సరిపోతుంది?

అదే 18 అంగుళాల రిమ్ముకి 245/40 టైరు వేస్తే పక్క ఎత్తు 98 మిల్లీమీటర్లు, దాదాపు ఒక అంగుళం ఎక్కువ. మరి చక్రం మొత్తం చిన్నదైపోదా అంటే కాదు. పాత చక్రం మొత్తం వ్యాసం 655 మిల్లీమీటర్లు, కొత్తది 653. స్పీడోమీటరుకి తేడా కూడా తెలియదు. లెక్క సులువే: పక్క ఎత్తుని రెండింతలు చేసి, రిమ్ము అంగుళాల్ని 25.4తో హెచ్చించి కలపడమే. పాతదానికీ కొత్తదానికీ తేడా ఒకటి, ఒకటిన్నర శాతం లోపల ఉంటే నిశ్చింత. ఈ కారువాళ్లు చాలామంది 265/35 ఆర్ 18 వేస్తారు. పట్టు ఎక్కువ, కానీ వ్యాసం దాదాపు 2 శాతం తగ్గుతుంది. స్పీడోమీటరు 70 చూపిస్తే నిజంగా వెళ్లేది 68.7 మైళ్లే. ట్రాక్ మీదకి వెళ్లేవాళ్లకి అది బాగానే ఉంటుంది. మా అమ్మాయి వెళ్లేది ఆఫీసుకి. 245/40 చాలన్నాను, కాసేపు మూతి ముడిచి ఒప్పుకుంది.

ఇక తేలిక సంగతి. ఇండియా ప్రయాణాలప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా మనందరి ఇళ్లలో ఉంటుంది కదా. పాత చక్రాన్ని టైరుతో సహా దానికి తగిలించి ఇద్దరం కలిసి లేపాం. 50 పౌండ్లు దాటింది. ఎయిర్‌పోర్టులో అయితే ఫైన్ కట్టాల్సిందే! ఆ తర్వాత కొన్న చక్రం టైరుతో కలిపి 44 దగ్గర ఆగింది.

ఒక్కో చక్రానికి ఏడెనిమిది పౌండ్లు తగ్గితే ఏమొస్తుంది? కారు బరువంతా స్ప్రింగుల మీద కూర్చుంటే చక్రం మాత్రం స్ప్రింగుల కింద ఉంటుంది. గతుకు మీద అదే ఎగిరిపడాలి. తేలికైతే త్వరగా కిందికొచ్చి రోడ్డుని పట్టుకుంటుంది. దానికితోడు చక్రం తిరగాలి కూడా. పాత రోట్లో పొత్రాన్ని కదిలించినవాళ్లకి బరువైనదాన్ని తిప్పడం, ఆపడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అయితే చక్రం మీద ఒక పౌండు తగ్గితే కారులో పది పౌండ్లు తగ్గినట్టే అని కొందరు చెప్పే మాట నమ్మకండి. బరువంతా చక్రం అంచునే ఉన్నా కారుని ముందుకు లాగేటప్పుడు ఒక పౌండు రెండు పౌండ్లుగా లెక్కకొస్తుంది, అంతకన్నా కాదు. తేడా ఉంది, కానీ మాయ కాదు. మాకు ఎక్కువగా తెలిసింది గతుకుల మీద కారు మెత్తబడటమే. అందులో సగం ఘనత లావైన టైరుదే.

అసలు గొడవ కొనే దగ్గర వచ్చింది. మా అమ్మాయికి జపాన్ వాళ్ల రేస్ కంపెనీ టీఈ 37 మీద మనసు. 1996 నుంచీ ఉన్న ఆరు పుల్లల చక్రం అది. మొదట్లో 15 అంగుళాల రిమ్ము 3.7 కిలోలే ఉండేదట, పేరులో 37 అందుకే. ధర చూసి వెనక్కి తగ్గి, అచ్చం అలాగే ఉన్న నకళ్లు నాలుగు, ఎవరో గ్యారేజీలోంచి అమ్ముతుంటే తెచ్చుకుంటానంది. అసలు ధరలో నాలుగో వంతు కూడా లేదు.

నేనూ వెంట వెళ్లాను. చీర కొనేటప్పుడు కొంగు తిరగేసి చూస్తాం కదా, చక్రాన్నీ అలాగే తిరగేయమన్నాను. మంచి చక్రం లోపలి వైపు తయారుచేసినవారి పేరు, సైజు, ఆఫ్‌సెట్, ఎంత బరువు మోయగలదో అన్నీ పోత అక్షరాల్లోనో చెక్కుడులోనో ఉంటాయి. జపాన్ ప్రమాణం జేడబ్ల్యూఎల్, పరీక్ష చేయించినట్టు వీఐఏ ముద్ర, లేదంటే అమెరికాలో ఎస్ఏఈ జే2530 అన్నవి చూడాలి. ఆ చక్రాల మీద సైజు తప్ప ఏమీ లేదు. ముద్ర ఉన్నంత మాత్రాన నకలు కాదని కాదు, ముద్రలు కూడా నకలు చేస్తారు. కానీ ఏమీ లేనిదాన్ని నమ్మి పిల్లని హైవే ఎక్కించడం నావల్ల కాలేదు. దారంతా నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక పెనాలతో చెప్పాను. పోత ఇనుప పెనం చేయి జారితే పగులుతుంది. సాగగొట్టిన ఇనుప పెనం సొట్ట పడుతుంది. చక్రాల్లోనూ అంతే: కరిగిన అల్యూమినియం అచ్చులో పోసి చేసినవి చవక, కానీ గట్టిగా ఉండాలంటే మందంగా, బరువుగా ఉండాలి. వేడి ముద్దని వేల టన్నుల ఒత్తిడితో నొక్కి చేసే ఫోర్జ్‌డ్ చక్రాలు పలచగా ఉన్నా గట్టివి, ఖరీదూ అంతే. మధ్యలో ఫ్లో ఫార్మ్‌డ్ అని ఉన్నాయి. నడుమ భాగం పోత, చుట్టూ ఉండే రిమ్మును మాత్రం తిప్పుతూ రోలర్లతో సాగదీస్తారు. పోతగా చేసి, పలచగా, తేలికగా అమ్మేదే అన్నిటికన్నా ప్రమాదం. మా బడ్జెట్‌కి ఫ్లో ఫార్మ్‌డ్ కుదిరింది. తెలిసిన కంపెనీవి, 18 బై 8.5.

సైజు కుదిరితే సరిపోదు, ఇంకొన్ని కుదరాలి. బోల్టుల వరస మా కారుకి 5 బై 120, చాలా పాత బీఎండబ్ల్యూలకీ అదే. అందుకని ఆ చక్రాలే దీనికీ అమ్ముతారు. కానీ వాటి నడిమి రంధ్రం 72.6 మిల్లీమీటర్లు, హోండాది 64.1. మధ్యలో హబ్ రింగ్ అనే చిన్న వలయం వేయకపోతే చక్రం సరిగ్గా నడిమికి కూర్చోక స్టీరింగ్ వణుకుతుంది. ఆఫ్‌సెట్ పాతది 60, కొత్తది 45. అంటే చక్రం 15 మిల్లీమీటర్లు బయటికొస్తుంది. ఇంకా తగ్గిస్తే టైరు ఫెండరుకి రాసుకుంటుంది. ముందు బ్రేకు డిస్కు 350 మిల్లీమీటర్లు కాబట్టి 18 అంగుళాల చక్రంలో పుల్లల ఆకారం బట్టే బ్రేకుకి చోటు ఉంటుంది. తయారీదారుల దగ్గర దానికి కాగితం నమూనా దొరుకుతుంది, కత్తిరించి పెట్టి చూడొచ్చు.

టెస్లా ఉన్నవాళ్లకి ఒక మాట. 2023 దాకా వచ్చిన మోడల్ 3 పెర్ఫార్మెన్స్‌కీ ఇదే బాధ, 235/35 ఆర్ 20. దాని బ్రేకు డిస్కుల నడిమి అంచు మామూలు మోడల్ 3 లాగా ఉండదు, మామూలు 18 అంగుళాల చక్రం అలాగే తెచ్చి బిగిస్తే సరిగ్గా ఆనదు. బ్యాటరీ బరువు వల్ల లోడ్ ఇండెక్స్ తగ్గించడం అసలు కుదరదు. టైరు సైజు పక్కన ఉండే అంకె అది. 90 అంటే ఒక్కో టైరు 600 కిలోలు, 97 అంటే 730. ఏ కారుకైనా కొత్త టైరుది పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి.

ఇంత చదివి కూడా ఒకటి మర్చిపోయాం. బిగించే రోజు అమ్మాయి ఆఫీసులో ఉంది, కారు నేనే ఒక షాపుకి తీసుకెళ్లాను. పని ఒక గంటలో అయింది. కొత్త చక్రాలు మెరుస్తుంటే నేనూ కాస్త గర్వంగానే హైవే ఎక్కాను. పదిహేను మైళ్లయ్యాక ముందు ఎడమవైపు నుంచి టక్ టక్‌మని శబ్దం, స్టీరింగ్‌లో సన్నటి వణుకు. వేగం తగ్గిస్తే శబ్దం కూడా నెమ్మదించింది. ఎగ్జిట్ తీసుకుని పెట్రోలు బంకులో ఆపి అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మా, ఇక ఒక్క అడుగు కూడా నడపకు. నట్టులు పాతవే వేశారా?"

నాకేం తెలుసు! తనొచ్చి చూసింది. హోండా అసలు నట్టుల అడుగు గోళీలా గుండ్రంగా ఉంటుంది. బయట కొనే చక్రాల్లో రంధ్రాలు చాలావరకు గరాటులా ఏటవాలుగా ఉంటాయి. గుండ్రటి నట్టు గరాటులో సన్నటి గీత మీద తప్ప ఆనదు. ఎంత బిగించినా వదులవుతుంది. ఐదింట్లో రెండు వేలితో తిరిగాయి. ఇంకో పది మైళ్లు పోయి ఉంటే ఏమయ్యేదో ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. టో ట్రక్కులో ఇంటికి చేర్చి, 60 డిగ్రీల ఏటవాలు ఉన్న సరైన నట్టులు తెప్పించి, టార్క్ రెంచితో మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం అమ్మాయే బిగించింది. యాభై మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూసింది. చక్రాలు ఎవరు మార్చినా ఆ రెండోసారి చూడటం మానొద్దు. మీ కొడుకో కూతురో కొత్త చక్రాలు వేయిస్తే "నట్టులు కూడా మార్చారా?" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు.

చలికాలానికి ఇంకో జత కావాలి, ఇది విలాసం కాదు. వేసవి టైర్ల రబ్బరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి వస్తే బిగుసుకుపోయి పట్టు వదిలేస్తుంది, మరీ చలిలో పగుళ్లు కూడా వస్తాయి. మా అమ్మాయి వంగిన 20 అంగుళాలది సరిచేయించి నాలుగూ అమ్మేస్తానంది. నేను వద్దన్నాను. రేపు కారు అమ్మేటప్పుడు అసలు చక్రాలు ఉంటేనే అడిగేవాళ్లుంటారు, లీజు కారైతే అవి వెనక్కివ్వక తప్పదు కూడా. పైగా కొత్తవి ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పకపోతే క్లెయిము దగ్గర చిక్కు, అదీ చెప్పించాను.

పాతవి మూడూ, పగిలిన ఒకటీ గ్యారేజీలో ఆవకాయ జాడీల పక్కన ఉన్నాయి. టార్క్ రెంచి మాత్రం మా వారి బల్ల మీదికి చేరింది. పోయిన ఆదివారం తన వ్యాను నట్టులన్నీ ఒక్కోటీ బిగించి చూసుకుంటూ కనిపించారు.