కుంచె పట్టక ముందు

విన్సెంట్ వాన్ గో పేరు చెప్పగానే పొద్దుతిరుగుడు పూలు, పండిన గోధుమచేలు, సుడులు తిరిగే నక్షత్రాలతో నిండిన రాత్రి ఆకాశం మనస్సులో మెదలుతవి. ఆ చిత్రాలన్నీ పదేండ్ల శ్రమకు ఫలం. 1880లో, ఇరవయ్యేడేండ్ల వయస్సులో, చిత్రకళయే తన మార్గమని అతడు నిశ్చయించుకొన్నాడు. 1890 జూలై 29వ తేదీన కన్నుమూశాడు. ఆ పదేండ్లను గురించి లోకం చాల చెప్పుకొన్నది. దానికి ముందు మరి పదకొండేండ్ల కాలం గలదు. అప్పుడతడు చిత్రకారుడు కాడు. చిత్రాలను ప్రేమించే చిరుద్యోగి; కొన్నాళ్లు బడిపంతులు; కొన్నాళ్లు పుస్తకాల దుకాణంలో గుమాస్తా. ఆ కాలమంతా వృథా అయినదని కన్నవారే కుమిలిపోయారు. నిజంగా వృథా అయినదా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

హాలండు దేశపు దక్షిణ భాగంలో, బ్రబాంటు సీమలోని జుండెర్ట్ గ్రామంలో 1853 మార్చి 30వ తేదీన విన్సెంట్ జన్మించాడు. తండ్రి ప్రొటెస్టంటు మతాచార్యుడు. ఆరుగురు బిడ్డలలో విన్సెంట్ పెద్దవాడు. తరువాత అన్నా, థియో, ఎలిజబెత్, విలెమీన్, కొర్నెలిస్. తండ్రి సోదరులలో ముగ్గురు చిత్రాల వర్తకంలో ఉండేవారు. ఆ సంబంధం వల్లనే 1869 జూలైలో, పదహారేండ్లకే, హేగ్ నగరంలోని గూపిల్ సంస్థ శాఖలో విన్సెంట్‌కు ఉద్యోగం దొరికినది. పారిసు కేంద్రంగా గల ఆ సంస్థ చిత్రాలను అమ్మేది. వాటికంటె ఎక్కువ సంఖ్యలో ప్రసిద్ధ చిత్రాల ముద్రణలను, ఛాయాచిత్రాలను అమ్మేది. నేటివంటి రంగుల ముద్రణ లేని ఆ రోజులలో మధ్యతరగతి ఇండ్లకు మహాచిత్రాలు చేరినది ఈ నలుపు తెలుపు ప్రతుల ద్వారానే. కుర్రవాని చేతుల మీదుగా ప్రతిదినమూ అటువంటివి ఎన్నో దాటిపోయేవి. తక్కిన గుమాస్తాలు వాటిని లెక్కపెట్టేవారేమో. విన్సెంట్ వాటిని చూశాడు.

1872 ఆగస్టులో తమ్ముడు థియో అన్నను చూడడానికి హేగ్ వచ్చాడు. తమ్ముడికి అప్పటికి పదిహేనేండ్లు. ఇద్దరూ రైస్వైక్ బాటన నడిచివెళ్లి, అక్కడి గాలిమర దగ్గర పాలు త్రాగారు. ఆ నడకను విన్సెంట్ ఎన్నో ఏండ్ల తరువాత కూడ తలచుకొన్నాడు. తమ్ముడు వెళ్లిన కొద్దివారాలకు మొదలైన ఉత్తరాలు పద్ధెనిమిదేండ్లు సాగినవి. విన్సెంట్ తమ్మునికి వ్రాసినవి 600కు పైగా నేటికీ నిలిచివున్నవి. 1873 జనవరిలో థియో కూడ అదే సంస్థకు చెందిన బ్రస్సెల్సు శాఖలో చేరాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే వృత్తి, ఒకే అభిరుచి అయినవి.

తొలినాటి ఉత్తరాలను చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. ఇంటి కబుర్లు ఒక చోట, కళావిషయాలు మరొక చోట అనే విభజన వాటిలో లేదు. నాన్నగారికి క్రొత్త ఊరికి బదిలీ అయినదన్న మాట ప్రక్కనే ఒక చిత్రప్రదర్శన వర్ణన ఉంటుంది. చెల్లెలి ఉద్యోగం మాట ముగియకముందే ఒక ప్రకృతిచిత్రంలోని సాయంసంధ్య ప్రవేశిస్తుంది. చూసిన చిత్రాన్ని తమ్మునితో చెప్పుకొంటేనే దానిని చూడడం పూర్తి అయినట్లు అతడు భావించినట్లున్నది.

1873లో విన్సెంట్‌ను లండను శాఖకు మార్చారు. నగరానికి దక్షిణాన బ్రిక్స్‌టన్‌లో గది అద్దెకు తీసుకొని, దినమూ పనిచోటికి నడిచి వెళ్లేవాడు. సెలవు దొరికితే చిత్రశాలలకు పోయేవాడు. డల్విచ్ గ్రామపు చిత్రశాల అప్పుడు చూసినదే. ఇంగ్లీషు చిత్రకారుల పనితనం మొదట అతనికి రుచించలేదు. అలవాటు పడితే గాని తెలియదని గ్రహించి, ఓపికతో చూస్తూ పోయాడు. వారపత్రికలు అచ్చువేసే కార్యాలయాల కిటికీల ముందు వారం వారం నిలబడి, క్రొత్త సంచికలలోని చెక్కుడుబొమ్మలను చూసేవాడు. ఆ బొమ్మలలో కూలీలు, అనాథలు, వానలో నిలిచిన బీదలు ఉండేవారు. 1874 జనవరిలో తమ్మునికి వ్రాసిన ఉత్తరంలో తనకు నచ్చిన చిత్రకారుల పేర్లు యాభైకి పైబడి వరుసగా వ్రాశాడు. వారిలో నేడు లోకం మరచినవారు చాలమంది. ఇష్టపడగలిగినంత ఇష్టపడమనీ, చాలమందికి ఆ శక్తి చాలదనీ తమ్మునికి ఆ ఉత్తరంలోనే బోధించాడు. ఆ సంవత్సరమే చెల్లెలు అన్నా ఉపాధ్యాయిని పని వెదకుకొంటూ లండను వచ్చి, కొంతకాలం అన్నతో ఉన్నది.

1875లో పారిసు. మోంమార్త్ర్ కొండపై చిన్న గది. జూలైలో తమ్మునికి వ్రాస్తూ, ఆ గది గోడలకు తగిలించిన ముద్రణల జాబితా ఇచ్చాడు. రూయిస్డాల్ వ్రాసిన పొదలు, కోరో సాయంకాలం, దోబిన్యీ ప్రాతఃకాలం అందులో ఉన్నవి. రెంబ్రాంటుదిగా అప్పుడు పేరుపొందిన ఒక చిత్రం కూడ ఉన్నది: రాత్రివేళ, దీపం వెలుగున, ఊయల ప్రక్కన కూర్చుని బైబిలు చదివే తల్లి. మరొక చోట మిలే వ్రాసిన ‘దినంలోని నాలుగు వేళలు’. ఉదయం పనికి బయలుదేరే రైతు దంపతులు, మధ్యాహ్నపు విశ్రాంతి, సాయంకాలపు తిరుగుదల, రాత్రి దీపం క్రింద ఇంటిపని. ఈ నాలుగు బొమ్మల ప్రస్తావన తిరిగి రాగలదు గనుక పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలె.

రైతుల బ్రతుకును చిత్రించిన ఆ మిలే 1875 జనవరిలోనే మరణించాడు. జూనులో అతని రేఖాచిత్రాలు వేలానికి రాగా, వాటిని ప్రదర్శించిన శాలకు విన్సెంట్ వెళ్లాడు. అది పవిత్రస్థలమనీ, పాదరక్షలు విడిచి నిలువవలెననీ తనకు తోచినట్లు తమ్మునికి తెలిపాడు. గర్భగుడి ముందు చెప్పులు విడిచే మనవారికి ఈ భావం వేరే వివరించనక్కరలేదు.

కాని ఈ ప్రేమ ఉద్యోగాన్ని నిలుపలేకపోయినది. కొనవచ్చినవారిని మెప్పించే నేర్పు విన్సెంట్‌కు లేదు. మనస్సు నానాటికీ మతగ్రంథాల వైపు మళ్లినది. 1875 డిసెంబరులో, వర్తకం ముమ్మరంగా ఉండే క్రిస్మస్ రోజులలో, తల్లిదండ్రులను చూడడానికి ఇంటికి వెళ్లిపోయాడు. తరువాత సంస్థ అతనిని తొలగించినది. 1876 ఏప్రిల్ 1వ తేదీతో ఆరేండ్ల పైబడిన ఉద్యోగం ముగిసినది.

ఆ నెలలోనే ఇంగ్లండు సముద్రతీరాన గల రాంస్‌గేట్‌లో, ఒక చిన్న వసతిబడిలో సహాయోపాధ్యాయుడుగా చేరాడు. పది నుండి పద్నాలుగేండ్ల లోపు బాలురు ఇరవైనలుగురు. ఫ్రెంచి, లెక్కలు, ఉక్తలేఖనం చెప్పవలె. తిండి, బస తప్ప జీతం లేదు. ఆ బడి కిటికీలోనుండి సముద్రం కనబడేది. బిడ్డలను చూడవచ్చిన తల్లిదండ్రులు తిరిగి స్టేషనుకు పోతూ ఉంటే, పిల్లలు ఆ కిటికీ దగ్గర గుమిగూడి కనుమరుగయ్యేవరకు చూసేవారు. ఆ దృశ్యాన్ని ఆ బాలురలో చాలమంది ఎన్నడూ మరువలేరని విన్సెంట్ గ్రహించాడు. కిటికీనుండి కనబడే వీధిని, సముద్రాన్ని చిన్న బొమ్మగా గీసి తమ్మునికి పంపాడు. బొమ్మలో పనితనం కొద్దిపాటిదే. కాని ఎక్కడ నిలబడి చూడవలెనో ఆ పంతులుకు తెలిసినది.

చెల్లెలు అన్నా అప్పటికి లండనుకు ఉత్తరాన వెల్విన్ గ్రామంలో ఉపాధ్యాయిని. జూను నెలలో ఆమెను చూడడానికి విన్సెంట్ చాలభాగం కాలినడకన వెళ్లాడు. దారిలో ఒక రాత్రి చెట్ల క్రింద గడిపాడు. ఆ వేసవిలోనే హాంప్టన్ కోర్టు రాజభవనానికి పోయి, అక్కడి హోల్బైన్, రెంబ్రాంటు, టిషియన్ చిత్రాలను చూశాడు. ఆ విశేషాలు వ్రాసిన ఉత్తరంలో, భవనపు తోటలోని చెట్లపై గూళ్లు కట్టిన కాకిజాతి పక్షి ఈక ఒకటి పెట్టి తమ్మునికి పంపాడు. ఆగస్టులో మరొక వార్త. పారిసులో తనతో పనిచేసిన గ్లాడ్‌వెల్ అనే ఇంగ్లీషు యువకుని చెల్లెలు, పదిహేడేండ్ల పిల్ల, గుఱ్ఱంపైనుండి పడి చనిపోయినది. విన్సెంట్ గంటల తరబడి నడిచి ఆ ఇంటికి చేరి, శోకంలో ఉన్నవారి మధ్య కూర్చున్నాడు.

తరువాతి మూడేండ్లూ ఇట్టివే. డోర్‌డ్రెఖ్ట్‌లో పుస్తకాల దుకాణం; ఆంస్టర్‌డాంలో మతవిద్యకు ప్రయత్నం, వైఫల్యం; బెల్జియం బొగ్గుగనుల సీమలో మతబోధ, అదీ నిలువలేదు. ఏ ఊరికి పోయినా అక్కడి చిత్రశాల వాకిలి అతనికి తెలుసు. ఏ గదిలో ఉన్నా గోడపై బొమ్మలు ఉండేవి. 1880లో పెన్సిలు పట్టి నిజమైన సాధనకు కూర్చున్ననాడు అతడు తమ్ముని అడిగినది గురువును కాదు, మిలే ముద్రణలను. వాటిని మళ్లీ మళ్లీ గీసి నేర్చుకొన్నాడు.

చిత్రకారుడైన తరువాత కూడ చూచేవాడు అతనిలో నశించలేదు. 1885 అక్టోబరులో, ఆ ఏటనే తెరచిన ఆంస్టర్‌డాం జాతీయ చిత్రశాలకు ఒక మిత్రునితో వెళ్లి, రెంబ్రాంటు వ్రాసిన ‘యూదు వధువు’ ముందు కూర్చుండిపోయాడు. మిత్రుడు శాలలన్నీ తిరిగివచ్చినా అతడు అక్కడినుండి కదలలేదు. ఎండురొట్టె ముక్కతో రెండు వారాలు ఈ చిత్రం ముందు కూర్చోనిస్తే తన ఆయుస్సులో పదేండ్లు ఇవ్వగలనని అన్నట్లు ఆ మిత్రుడు తరువాత జ్ఞాపకం చేసుకొన్నాడు. అప్పటికి విన్సెంట్‌కు మిగిలివున్నది ఐదేండ్లు కూడ కాదు.

1889 మేలో వ్యాధిపీడితుడై విన్సెంట్ దక్షిణ ఫ్రాన్సులోని సెయింట్ రెమీ చికిత్సాలయంలో చేరాడు. బయటికి పోలేని రోజులలో, చూచి చిత్రించడానికి మనుషులు లేనప్పుడు, ముద్రణలే అతనికి తోడైనవి. ఆ శరత్తులోను, శీతకాలంలోను మిలే బొమ్మల ఆధారంగా ఇరవై వరకు చిత్రాలు వ్రాశాడు. పధ్నాలుగేండ్ల క్రితం పారిసు గది గోడపై ఉన్న ‘దినంలోని నాలుగు వేళలు’ నాలుగూ వాటిలో చేరినవి. ముద్రణలలో రంగులు లేవు. రంగులు తానే సమకూర్చవలె. సంగీతకర్త వ్రాసిన కృతిని గాయకుడు తన గొంతుతో పలికించినట్లే ఇదీ అని తమ్మునికి వివరించాడు. మధ్యాహ్నవేళ గడ్డివాము నీడన నిద్రించే దంపతులపై పసిడి ఎండ, నీలాకాశం పరచినది అతని కన్నే. రాత్రివేళ చిత్రంలో దీపం, దాని చుట్టూ వెలుగు, స్త్రీ పురుషుల చేతిపని, ప్రక్కనే ఊయలలో శిశువు.

ఆ ఊయలకు ఇంటివార్తతో సంబంధం గలదు. థియోకు 1889 ఏప్రిల్‌లో వివాహమైనది. భార్య జో ఇంగ్లీషు ఉపాధ్యాయినిగా పనిచేసిన విద్యావతి. తాను తల్లిని కాబోతున్నానని ఆమె జూలైలో బావగారికి వ్రాసినది. 1890 జనవరిలో విన్సెంట్ మిలే వ్రాసిన ‘తొలి అడుగులు’ తీసుకొన్నాడు. పార ప్రక్కన పెట్టి చేతులు చాచిన తండ్రి, బిడ్డను పట్టి నిలబెట్టిన తల్లి. ఆ నెల 31వ తేదీన మగశిశువు జన్మించాడు. బిడ్డకు పెదతండ్రి పేరే పెట్టారు. నాన్నగారి పేరు పెట్టివుంటే బాగుండేదని విన్సెంట్ తల్లికి వ్రాస్తూనే, ఆ దంపతుల పడకగదికోసం నీలాకాశంపై విరగబూసిన తెల్లని బాదంకొమ్మలను చిత్రించసాగాడు.

అంతకాలం ఉత్తరాలలో ప్రక్కప్రక్కన నడిచిన రెండు ధారలు, ఇంటి కబురు, కళ, ఈ చిత్రంలో ఒక్కటైనవి. పదకొండేండ్ల చూపు వృథా కాలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. అయినా న్యాయంగా చెప్పవలెనంటే, 1880లో ఆ చూపునకు ఇటువంటి ఫలం ఉంటుందని చెప్పగలవారెవరూ లేరు. ఫలితం ఎరిగి విన్సెంట్ చిత్రశాలలకు పోలేదు. రాంస్‌గేట్ బడిలో జీతం లేని పంతులుగానే అతని కథ ముగిసివుండినా, ఆ కిటికీ ముందు నిలిచిన బాలుర దుఃఖాన్ని కనిపెట్టిన కన్ను అతనిదే. ఆ పిల్లలకు ఆపాటి పంతులు దొరకడం చిన్న విషయం కాదు.

విన్సెంట్ పోయిన ఆరు నెలలకే, 1891 జనవరిలో, థియో కూడ మరణించాడు. ఏడాది నిండని పసివానితో, వందలాది చిత్రాలతో, కట్టలకొద్దీ ఉత్తరాలతో జో మిగిలినది. ఆ చిత్రాలను ప్రదర్శనలకు పంపుతూ, ఉత్తరాలను వరుసపరచుతూ ఏండ్లు గడిపి, 1914లో వాటిని ప్రకటించినది. బాదంపూల క్రింద పెరిగిన ఆ శిశువు పెద్దవాడై ఇంజనీరు అయినాడు. తల్లి కాపాడిన ఆస్తిని చెదరనీయక ఒక ప్రతిష్ఠానానికి అప్పగించాడు. 1973లో ఆంస్టర్‌డాంలో వాన్ గో చిత్రశాల వెలసినది. బాదంకొమ్మలు, ఊయల గల రాత్రివేళ, తమ్మునికి వ్రాసిన ఉత్తరాలు అన్నీ ఇప్పుడు ఆ ఒక్క కప్పు క్రిందనే ఉన్నవి.