కనిపించని క్షేత్రానికి కంప్యూటరు చిత్రం

కొబ్బరితోటల నడుమ ఒదిగిన కోనసీమ గ్రామాలలో ఒకప్పుడు ఇళ్ళ కప్పులపై దూరదర్శన్ ప్రసారాలను అందుకొనే యాంటెనాలు కనిపించేవి. పొడవైన కడ్డీకి అడ్డంగా చిన్న కడ్డీలను వరుసగా బిగించిన ఆ అమరికకు యాగి-ఉడా యాంటెనా అని పేరు. జపాను శాస్త్రవేత్తలు షింటారో ఉడా, హిడెట్సుగు యాగి 1926లో దీనిని లోకానికి పరిచయం చేశారు. తిరుపతి సమీపంలోని గాదంకిలో వాతావరణ పరిశోధనకై నెలకొల్పిన ఎం.ఎస్.టి. రాడార్‌లోను ఈ జాతి యాంటెనాలే 1024 ఉన్నాయి. దాని పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్. తరంగదైర్ఘ్యం సుమారు 5.7 మీటర్లు. కడ్డీల పొడవులోగాని, వాటి మధ్య దూరంలోగాని మార్పు వస్తే తరంగాల దిశ, బలం మారుతాయి. కాని ఆ మార్పు కంటికి కనిపించదు. చేలకు నీరు తోడే మోటారులోని అయస్కాంత క్షేత్రమూ అట్టిదే. కనిపించని ఈ క్షేత్రాలను తెరపై చిత్రించి చూపే ప్రక్రియనే విద్యుదయస్కాంత క్షేత్ర సిమ్యులేషన్ అంటారు.

ఈ ప్రక్రియకు మూలం మాక్స్‌వెల్ సమీకరణాలు. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1865లో ప్రకటించిన సిద్ధాంతం విద్యుత్తును, అయస్కాంతత్వాన్ని, కాంతిని ఒకే సూత్రంలో గుదిగుచ్చింది. అయితే వాస్తవ పరికరాల ఆకృతులకు ఆ సమీకరణాలను కాగితంపై సాధించడం చాలాసార్లు సాధ్యం కాదు. అందువల్ల పరికరాన్ని, దాని చుట్టూ ఉన్న ప్రదేశాన్ని చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో క్షేత్రాన్ని కంప్యూటరుచే లెక్కింపజేస్తారు. 1966లో కేన్ యీ ప్రతిపాదించిన పద్ధతి ఇట్టి వాటిలో సుప్రసిద్ధం. గడి చిన్నదైనకొద్దీ ఫలితం సాధారణంగా సత్యానికి చేరువవుతుంది. కాని శ్రమ పెరుగుతుంది. ఘనాకార గడి భుజాన్ని సగానికి తగ్గిస్తే గళ్ళ సంఖ్య ఎనిమిది రెట్లవుతుంది.

ఈ పనికై రూపొందిన హెచ్.ఎఫ్.ఎస్.ఎస్., సి.ఎస్.టి. స్టూడియో, కామ్‌సాల్ వంటి వాణిజ్య సాఫ్ట్‌వేర్ల పూర్తి ప్రతుల వెల సామాన్య విద్యార్థికి అందుబాటులో ఉండదు. అయినంత మాత్రాన నిరాశ చెందనవసరం లేదు. న్యాయమైన మార్గాలు మూడున్నాయి. మొదటిది కాలపరిమితి గల ట్రయల్ ప్రతి. అభ్యర్థించినవారికి ఉత్పత్తి సంస్థ దీనిని కొద్దికాలంపాటు ఇస్తుంది. గడువు ముగియగానే అది పనిచేయదు. రెండవది విద్యార్థి ప్రతి. హెచ్.ఎఫ్.ఎస్.ఎస్.ను అందించే ఆన్సిస్ సంస్థ ఇట్టి ప్రతిని ఉచితంగా ఇస్తున్నది. ఇందులో గళ్ళ సంఖ్యకు పరిమితి ఉంటుంది. వ్యాపార ప్రయోజనాలకు దీనిని వాడరాదు. మూడవది గడువు లేని ఉచిత సాఫ్ట్‌వేర్. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల వంటి వాటి అడ్డుకోతలో క్షేత్రాన్ని చూడడానికి డేవిడ్ మీకర్ రూపొందించిన ఫెమ్, యాంటెనాల పరిశీలనకు ఓపెన్ ఇ.ఎం.ఎస్. ఈ కోవకు చెందినవి.

కనుక అన్వేషణ సాఫ్ట్‌వేర్ పేరుతో గాక సమస్యతో ప్రారంభం కావాలి. సాధించవలసినది స్థిర క్షేత్రమా, తరంగమా? సమతలంలో చూస్తే చాలునా, మూడు కొలతలూ అవసరమా? మన కంప్యూటరు దానిని మోయగలదా? ఈ ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే గడువును, గళ్ళ పరిమితిని, వినియోగ నియమాలను చదవాలి. సాధన చేయడానికి తీరిక లేని రోజులలో ట్రయల్ ప్రతిని తెచ్చుకోవడం పండుగ వెళ్ళిన తరువాత వాడవలసిన పూలను ముందే కోసి పెట్టుకోవడం వంటిది. సమస్యను కాగితంపై సిద్ధం చేసుకొన్న పిమ్మటనే గడువును ప్రారంభించడం వివేకం. ప్రతిని ఎల్లప్పుడు తయారీదారుల నుండే గ్రహించాలి. తాళం పగులగొట్టిన దొంగ ప్రతులతో వైరస్‌లు ప్రవేశించే ప్రమాదం ఉన్నది. అంతేకాక, అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటరులో వాడడం 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నేరం.

సాఫ్ట్‌వేర్ లభించగానే బంగారాన్ని ఒరగల్లుపై గీసి చూచినట్లు, జవాబు తెలిసిన లెక్కతో మన అమరికను పరీక్షించాలి. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోని సూత్రమే ఇందుకు చాలును. పొడవైన తిన్నని తీగలో 10 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంటే 10 సెంటీమీటర్ల దూరంలో అయస్కాంత క్షేత్రం 20 మైక్రోటెస్లాలు. తెరపై వేరొక సంఖ్య వస్తే ప్రమాణాలను, గళ్ళ పరిమాణాన్ని, మనం గీసిన హద్దును సరిచూడాలి. క్షేత్రానికి నిజానికి హద్దు లేదు. కంప్యూటరుకు మాత్రం హద్దు తప్పదు. ఆ హద్దును తీగకు మరీ దగ్గరగా చతురస్రంగా గీస్తే ఫలితం వక్రిస్తుంది. రంగుల చిత్రం ఎంత మనోహరంగా ఉన్నా, సరిచూడని జవాబు జ్ఞానం కాజాలదు.

సాంకేతిక విద్యకు భాష అడ్డంకి కారాదనే ఆశయంతో ముంబయి ఐ.ఐ.టి.లోని స్పోకెన్ ట్యుటోరియల్ పథకం ఉచిత సాఫ్ట్‌వేర్లపై తెలుగులోను పాఠాలను అందించింది. క్షేత్ర సిమ్యులేషన్ నేర్వగోరువారికి ముందుగా కావలసిన ప్రోగ్రామింగ్ పునాది వాటివల్ల ఏర్పడుతుంది. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో చదివే విద్యార్థికి ఖరీదైన ప్రయోగశాల సమీపంలో లేకపోవచ్చు. కాని సాధారణమైన కంప్యూటరు, న్యాయంగా లభించిన సాఫ్ట్‌వేర్, పాఠ్యపుస్తకంలోని సూత్రం అనే ఈ మూడూ తోడైతే కనిపించని క్షేత్రం అతని బుద్ధికి గోచరిస్తుంది.