రోడ్డుకు అటూ ఇటూ ఒకే నెట్‌వర్క్

ఒకే సంస్థకు రోడ్డుకు ఇటు ఒక ఆఫీసు, అటు మరొకటి. రెండుచోట్లా కంప్యూటర్లున్నాయి, స్విచ్‌లున్నాయి. కానీ ఇక్కడి ఫైలు అక్కడ తెరుచుకోదు. రాగి నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లు దాటితే నమ్మలేం. ఫైబర్ వేద్దామంటే రోడ్డు తవ్వాలి. అప్పుడు రెండు మేడల మీదా ఎదురెదురుగా యాంటెన్నాలు బిగించి గాలిలోనే కలుపుతారు. ఇదే వైర్‌లెస్ బ్రిడ్జ్. 2018 నుంచి మన దేశంలో దీనికి పనికొచ్చే 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్ మేర ఆరుబయట వాడటానికీ లైసెన్సు అక్కర్లేదు.

ఇంట్లో వాడే వైఫై పరికరాలు రెండు పెడితే సరిపోదా? ఉన్నవున్నట్టుగా సరిపోవు. నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఒక మ్యాక్ అడ్రస్ ఉంటుంది. ఫోను వైఫైలో పంపే ఫ్రేములో (సమాచారపు పొట్లంలో) మూడు అడ్రసులుంటే చాలు: పంపే ఫోను, గాలిలో అందుకునే పరికరం, చివరికి చేరాల్సిన చోటు. బ్రిడ్జిలో మేడ మీది రేడియో తన సమాచారం పంపడం లేదు, కింది గదిలోని ఏదో కంప్యూటర్ సమాచారాన్ని మోస్తోంది. అవతలి రేడియో కూడా అందుకుని వేరెవరికో అందించేదే. అందుకే నాలుగు అడ్రసులు కావాలి. వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణంలో ఆ నాలుగో గడికి చోటుంది. మామూలు వైఫైలో దాన్ని వాడరు. దాన్ని వాడుకుంటే అవతలి మేడలోని ప్రింటర్ కూడా ఇవతలి స్విచ్‌కి తన కేబుల్ చివరే ఉన్నట్టు కనిపిస్తుంది. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికంటే అందంగా తోచేది ఇదే.

యాంటెన్నాలు ఒకదానికొకటి కంటికి కనిపిస్తే చాలదు. తరంగాలకు కావలసిన దారి గీతలా కాక, నడుమ ఉబ్బిన కదురులా ఉంటుంది. దీని పేరు ఫ్రెనెల్ మండలం. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరు దూరానికి సరిగ్గా మధ్యలో దాని వ్యాసార్ధం 3.6 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే రెండు మీటర్ల పైచిలుకు, ఖాళీగా ఉండాలి. వేసవిలో బాగా పనిచేసిన లింకు వానాకాలంలో మొరాయిస్తే ముందు మధ్యలో గుబురెక్కిన చెట్టును చూడండి. తడి ఆకులు ఈ తరంగాలను బాగా పీల్చేస్తాయి.

దూరం కిలోమీటర్లలోకి వెళ్తే మరో చిక్కు. పంపిన రేడియో 'అందింది' అన్న జవాబు కోసం కొద్ది మైక్రోసెకన్లే ఆగుతుంది. జవాబు ఆలస్యమైతే పోయిందనుకుని మళ్లీ పంపుతుంది. తమిళనాడులోని తేని ప్రాంతంలో అరవింద్ కంటి ఆస్పత్రిని పల్లె కేంద్రాలతో వీడియోలో కలిపిన బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పద్ధతినే మార్చి, రెండు కొసలకూ వంతులవారీగా సమయం పంచారు.

ఆఫీసుల్లో అసలు తగాదా లింకు కలిశాకే మొదలవుతుంది. రెండువైపులా రౌటర్లు 192.168.1 వరుసలోనే ఐపీ అడ్రసులు పంచుతుంటాయి. కలిపిన మరుక్షణం ఒకే అడ్రస్ ఇద్దరికి పడవచ్చు. కొత్తగా వచ్చిన కంప్యూటర్‌కు ఏ రౌటర్ ముందు పలికితే దాని మాటే చెల్లుతుంది. కాబట్టి ముందే ఒకవైపు రౌటర్‌లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేయాలి, స్థిరంగా ఇచ్చిన అడ్రసులను సరిచూడాలి. కంప్యూటర్లు వందల్లో ఉంటే మాత్రం బ్రిడ్జ్ వద్దంటాను. నెట్‌వర్క్‌లో అందరికీ వెళ్లే ప్రతి బ్రాడ్‌కాస్టూ గాలి దాటుతుంది. అక్కడ రెండు ఆఫీసులనూ వేర్వేరు అడ్రసు వరుసల్లో ఉంచి, మధ్యలో రౌటర్ పెట్టడమే మేలు.